తల్లి మిషను ఎవరి వాకిట్లో?

స్థలాలు కొలిచే ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను అనుమానించని మనిషంటూ మా చుట్టుపక్కల ఒక్కరు లేరు. భుజాన మూడుకాళ్ళ స్టాండు, చేతిలో పసుపు పెట్టె, నెత్తిన టోపీ. బస్సెక్కితే పెట్టెలో ఏముందని కండక్టరు రెండుసార్లు అడిగేవాడు. ఊళ్ళో దిగితే రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చానని కొందరు, ఇళ్ళు పీకించడానికి వచ్చానని ఇంకొందరు తలుపులు వేసుకునేవారు. ఆఖరికి రేపల్లెలో మా అమ్మ కూడా అన్నం వడ్డిస్తూ, "ఏమే, సరిగ్గానే కొలుస్తున్నావా?" అనేది. (లెక్కల్లో నా మార్కులు ఆవిడకి తెలుసు లెండి.) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

మా సర్వే ఆఫీసు తెనాలిలో. ఒక శుక్రవారం మా సార్ పిలిచి, పిట్టలవానిపాలెం దగ్గర ఒక ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళ ఇళ్ళ మధ్య హద్దు తేల్చి రమ్మన్నారు. నేను ఒంటరిగా చేయబోయే మొదటి పని అదే. "మ్యాపు మీద ఇద్దరి సంతకాలూ తెచ్చావా, సోమవారం నుంచి పర్మినెంటు. తేలేదా, సోమవారం నుంచి ఇంటిదగ్గరే ఉండమ్మా" అన్నారు. ఇంటిదగ్గర ఉండటమంటే బాపట్లలో మా మేనత్త చీరల కొట్లో కూర్చోవడమే. నాకోసం ఆవిడ కుర్చీ కూడా కొని ఉంచింది. ఆ ఊరి పేరు వినగానే ఆఫీసులో సీనియర్లిద్దరికీ ఒకేసారి జ్వరమొచ్చింది. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

వెళ్ళేసరికి పెద్దావిడ తన అరుగు మీద, చిన్నావిడ తన అరుగు మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో తాటాకు దడి. భర్తలు పోయినా పంతాలు పోలేదు, ఏళ్ళ తరబడి ఇద్దరికీ మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే ఒకరు కోడితోనూ, ఇంకొకరు గేదెతోనూ గట్టిగా చెప్పేవారు. దడి తీసేసి గోడ కట్టాలని చిన్నావిడ పట్టుదల. ఆ దడే తన స్థలంలోకి జరిగిందని పెద్దావిడ వాదన. కాదు, తనవైపే జరిగిందని చిన్నావిడ.

మా పనికి రెండు మిషన్లు కావాలి. ఒకటి కదలకుండా ఒకచోట నిలబడుతుంది. రెండోదాన్ని కర్రకి తగిలించుకుని నేను తిరుగుతుంటే మొదటిది దాని తప్పులు దిద్దుతుంది. సులువుగా చెబుదామని, నా తెలివి తెల్లారినట్టే ఉంది, "ఇది తల్లి మిషనండి, ఇది పిల్ల మిషనండి" అన్నాను. అప్పటికే తల్లిని పెద్దావిడ వాకిట్లో నిలబెట్టి ఉన్నాను.

"ఏంటమ్మాయ్! తల్లిని ఆవిడింట్లో పెట్టి పిల్లని మా ఇంట్లో తిప్పుతావా? పిల్ల తల్లి మాట వింటుందా, నా మాట వింటుందా?" అని లేచింది చిన్నావిడ.

సరే కదా అని తల్లిని తీసుకెళ్ళి చిన్నావిడ వాకిట్లో పెట్టాను.

"ఓహో, అప్పుడే కాపురం మార్చేసిందే! ఎవరు మార్చమన్నారు?" అంది పెద్దావిడ.

"వాళ్ళేనండి, అడిగితేనూ..."

"అడిగితే మార్చేస్తావా? అయితే కొలత మార్చమన్నా మారుస్తావన్నమాట!"

చివరికి తల్లిని రోడ్డు మీద నిలబెట్టాను. ఇద్దరూ చెరోవైపు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. కొలతలు ఉపగ్రహాల నుంచి వస్తాయని చెప్పబోతే, "ఉపగ్రహాలా! ఆవిడ తమ్ముడు బెంగళూరులో రాకెట్ల ఆఫీసు దగ్గర వాచ్‌మన్. అది కనుక్కున్నావా?" అంది చిన్నావిడ, గేదె వంక చూస్తూ.

మధ్యాహ్నం దాటాక లెక్క తేలింది. హద్దు సరిగ్గా దడి కిందనుంచే పోతోంది. నా ప్రాణం లేచొచ్చింది. "మామ్మగారూ, ఎవరూ ఎవరి స్థలంలోకీ జరగలేదండి! అంగుళం కూడా తేడా లేదు!" అన్నాను, వాళ్ళు ఎగిరి గంతేస్తారనుకుని.

ఎవరూ గంతెయ్యలేదు. ఇద్దరి మొహాలూ మాడిపోయాయి. ఇన్నేళ్ళు మాటలు మానేసింది అంగుళం కూడా లేనిదానికి అంటే ఎవరు మాత్రం ఒప్పుకుంటారు? అది ఇప్పుడు అర్థమవుతోంది. ఆ క్షణంలో మాత్రం పెద్దావిడ కోడిని వదిలేసి, సూటిగా దడి అవతలికి చూసి, "ఏమే, ఈ పిల్ల మనిద్దర్నీ కలిపి మోసం చేస్తోందే!" అంది.

"నాకూ అదే అనుమానం అక్కా! పొద్దున్నుంచీ చూస్తున్నా, ఆ పెట్టె వంక తప్ప నేల వంక చూస్తేనా?"

"చేదతాడు పట్రా. మనమే కొలుద్దాం."

తాడుకి రెండు చివరలు కదా, రెండోది పట్టుకునేవాళ్ళు కావాలి. (నన్ను ముట్టుకోనివ్వలేదు.) తాడు అటూ ఇటూ పోవడానికి దడిలో రెండు మట్టలు పీకేశారు. ఒకసారి పెద్దావిడకి జానెడు ఎక్కువొచ్చింది, ఇంకోసారి చిన్నావిడకి.

"తాడు సాగుతోందక్కా."

"నువ్వు లాగితే సాగదూ! కొత్తకోడలిగా వచ్చినప్పుడు రుబ్బురోలు పొత్రాన్ని ఒంటిచేత్తో ఎత్తిన ఘనురాలివి!"

చిన్నావిడ కిసుక్కుమంది. పెద్దావిడ ఆపుకోలేక తాడు వదిలేసింది. ఇద్దరూ దడి సందులోనే కూలబడి, పోయిన అత్తగారిని తిట్టుకుంటూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. కొలత సంగతే మర్చిపోయారు.

నేను భయపడుతూ మ్యాపు చాపాను. "మాకు మేం చూసుకున్నాంగా, నీ కాగితం ఎందుకు?" అంది పెద్దావిడ. అంతే, చీరల కొట్లో కుర్చీ కళ్ళముందు కదిలి, రోడ్డు మీదే బావురుమన్నాను. "ఉద్యోగం పోతుందండీ!" ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. తర్వాత పెద్దావిడ పెన్ను అందుకుంది. "చూడు పాపా, నీ లెక్క మీద మాకు నమ్మకం లేదు. ఆ ఉపగ్రహాల మీద అసలే లేదు. నీ ఏడుపు చూడలేక పెడుతున్నాం." చిన్నావిడ కూడా పెడుతూ, "అక్క పెట్టింది కాబట్టి" అంది. గోడ మాట ఎవరూ ఎత్తలేదు.

సోమవారం పర్మినెంటయ్యాను. ఇప్పుడు తెనాలిలో నాకే సొంత ఆఫీసుంది, చాలా హద్దులు తేల్చాను. అందరూ నా లెక్క నమ్ముతారు. నమ్మి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇళ్ళకి పోతారు. ఆ సాయంత్రం పెట్టె ఒళ్ళో పెట్టుకుని, అవమానంతో ముక్కు చీదుకుంటూ బస్సులో కూర్చున్న పిల్ల ఎక్కడైనా కనబడితే బాగుండును. "ఒసేయ్ పిచ్చిదానా, అంత మంచి కొలత నీకు మళ్ళీ కుదరదే" అని చెబుదును. నమ్మదనుకోండి.