ఆమె అడిగినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను

ఇంతవరకూ నన్ను ప్రాణాలతో ఉంచిన దేవునికి స్తోత్రం. మెట్ట పొలాల మీద అప్పుడప్పుడైనా వాన కురిపించేవాడు, ఎవరూ చూడని చోట చేసినదాన్ని కూడా చూసేవాడు, ఆయనకే మహిమ. ఆయన కృప లేకపోతే ఇది రాయడానికి కూర్చునే బలం నాకు లేదు.

ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. అలసిపోయాను. దాన్ని మూలన దాచిపెట్టి మోసి ఉంటే ఇంత అలసట ఉండేది కాదేమో. నేను దాన్ని అందరి ముందూ, మైకులో, సాక్ష్యంగా చెబుతూ మోశాను.

నేను పోలీసు ఉద్యోగం చేసేదాన్ని. ఇప్పటికీ చేస్తున్నాను. మాది సీతారామపురం వైపు ఒక పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. ఇప్పుడు ఆత్మకూరులో ఉంటున్నాను. నడుమ కొంతకాలం, యుద్ధం ముగిసిన ఒక దేశానికి వెళ్ళాను. చాలా దేశాల పోలీసులను కలిపి అక్కడికి పంపేవారు. ఆ దేశం పేరు రాయను. అక్కడ కోర్టు కాలిపోయింది. స్టేషనుకు గోడలే మిగిలాయి. ప్రభుత్వాన్నీ చట్టాన్నీ మళ్ళీ అడుగు నుంచి నిలబెట్టాలి. అక్కడివాళ్ళకు పోలీసు పని నేర్పడం మా వంతు.

కొత్త పోలీసులను తీసుకోవడానికి అక్కడ ఒక పద్ధతి పెట్టారు. ఎంపికైనవాళ్ళ ఫొటోలు బజారు గోడకు అంటించేవాళ్ళం. వీళ్ళలో ఎవరైనా యుద్ధంలో మీకు కీడు చేసి ఉంటే వచ్చి చెప్పండని చాటింపు వేయించేవాళ్ళం. చెప్పినవాళ్ళను రాజధానికి తీసుకెళ్ళి విచారణ చేసే పెద్దల ముందు నిలబెట్టాలి. నిజమని తేలితే ఆ మనిషికి యూనిఫాం ఇవ్వరు.

మా గోడ దగ్గరికి జనం వచ్చేవాళ్ళు, చూసి వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరూ నోరు విప్పేవారు కాదు. చివరికి ఎండుచేపలు అమ్ముకునే ఒకామె వచ్చి, ఒక ఫొటో మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. యుద్ధంలో తన కొడుకును ఇంట్లోంచి ఈడ్చుకుపోయింది ఇతనేనని చెప్పింది. కొడుకు తిరిగి రాలేదు.

ఆమెను రాజధానికి తీసుకెళ్ళాల్సింది నేనే. వానలకు దారి తెగి ఉంది. ఆ అడవిలో ఇంకా తుపాకులవాళ్ళు తిరుగుతున్నారని వింటున్నాం. నాకు సెలవు వచ్చింది, ఇంటికి రావడానికి సంచి సర్దుకుని ఉన్నాను. నాకు భయం వేసింది. ఇదీ అసలు మాట. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దీన్ని పైకి అనలేదు.

అప్పుడు నాకు తోచింది రాజీ. మా వైపు మేకల దొంగతనం కానీ, గట్టు తగాదా కానీ, అన్నదమ్ముల కొట్లాట కానీ, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, తప్పు చేసినవాడితో కాళ్ళు పట్టించి ఇళ్ళకు పంపడం చూస్తూ పెరిగాను. ఉద్యోగంలో నేనూ అదే చేశాను, మంచి పనేనని నమ్మాను కూడా. మేకకూ కొడుకుకూ తేడా తెలియదా నాకు? తెలుసు. తెలిసే చేశానా? ప్రతిసారీ ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాను.

ఆ ఫొటోలోని మనిషిని పిలిపించాను. వచ్చి ఆమె పాదాలు పట్టుకున్నాడు. కాళ్ళు పట్టుకోవడం అక్కడ అలవాటు లేదు. నేనే చెప్పి పట్టించాను. ఆమెకు అదేమిటో అర్థం కాక కాళ్ళు వెనక్కి లాక్కుంది. అతన్ని బయటికి పంపేశాను.

ఆమె మెడలో చిన్న సిలువ ఉంది. ఆమె కూడా ప్రభువును నమ్మినదే. దాన్ని చూడగానే నాకు దారి దొరికింది. మా మధ్య ఒక దుబాసీ ఉన్నాడు. అతను చెప్పిన ఇంగ్లీషు ఎప్పుడో మరిచిపోయాను. ఆ మాటలు నాలో మా అమ్మ యాసలోనే మిగిలాయి.

"క్షమించమ్మా. మనసు తేలికైతాది," అన్నాను.

"ఎప్పుడో క్షమించినాను బిడ్డా. లేకుంటే దినామూ బజార్లో వాని మొగం చూస్తా చేపలమ్మగలనా?"

"మరింకేంది? ఆ మాటే చెప్పేస్తే అయిపోతాది గదా. అంత దూరం పోవడమెందుకు?"

"క్షమిస్తే క్షమిస్తిని. అంతమాత్రాన వాని చేతికి లాఠీ ఇయ్యాల్నా?"

నేను దుబాసీ వైపు చూశాను. ఆమె మాత్రం నన్నే అడిగింది.

"రేపు నా ఇంట్లో దొంగ పడితే నేను యాడికి పోవాల? వాని కాడికేనా? నువ్వే చెప్పు. నువ్వు దేవుని మాట తెలిసినదానివి. నువ్వు చెప్తే వింటాను."

జవాబు నాకు తెలుసు. మేం ఆ దేశం వెళ్ళిందే ఆ జవాబు కోసం. అయినా నేను "ప్రార్థన చేసుకుందాం రామ్మా" అని ఆమె చేతులు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. చాలాసేపు ప్రార్థించాను. కన్నీళ్ళు కూడా వచ్చాయి. అవి ఎవరి కోసం వచ్చాయి? కళ్ళు తెరిచేసరికి ఆమె నన్నే చూస్తోంది. ఆమె కళ్ళు మూసుకోనేలేదు. తన ఫిర్యాదు వద్దని దుబాసీకి చెప్పి, చేపల తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సెలవు ముగిసి తిరిగి వెళ్ళినప్పుడు స్టేషను గుమ్మంలో అతను యూనిఫాంలో నిలబడి నాకు సెల్యూట్ చేశాడు. బజారులో ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఊరు విడిచి పోయిందని పక్కామె చెప్పింది. ఎందుకని నేను అడగలేదు. తర్వాత ఎన్ని ఫొటోలు అంటించినా ఆ గోడ మీద మరెవరూ చెయ్యి పెట్టలేదు. ఎందుకు పెడతారు?

తిరిగొచ్చాక మా చర్చి సంఘంలో శాలువా కప్పి సాక్ష్యం చెప్పమన్నారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి, ఆ కీడు చేసినవాణ్ణి క్షమించిందని చెప్పాను. జనం ఏడ్చారు. అప్పటినుంచి చుట్టుపక్కల ప్రార్థన కూడికలన్నిటిలో అదే చెప్పించారు, అదే చెప్పాను. అందులో అబద్ధం ఒక్కటీ ఉండదు. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం ఉండదు.

మొన్న ఉదయగిరిలో కూడిక అయ్యాక, చెప్పులు వేసుకుంటుంటే ఒక అవ్వ నా కొంగు పట్టుకుంది.

"బాగా చెప్పినావు గానీ పిల్లా, ఆ యమ్మ ఏమైపొయ్యిందే?"

"ఇద్దరూ బాగానే ఉండారవ్వా."

"వానికేంలే, వాడు బాగానే ఉంటాడు. నేనడిగింది ఆ యమ్మను."

ఆత్మకూరు బస్సు వచ్చిందని చెప్పి తప్పించుకున్నాను. బస్సు ఇంకా రాలేదు. ఆమె ఎక్కడుందో, అసలు ఉందో లేదో నాకు తెలియదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. దేవుణ్ణి అడగబోతే తెరిచి ఉన్న ఆ కళ్ళే కనబడతాయి, మాట రాదు. బరువు దిగలేదు. కానీ నా భయానికి క్షమాపణ అని పేరు పెట్టి, దాన్ని ఒక తల్లి నెత్తిన పెట్టానని ఇవాళ రాశాను. రాసిన తర్వాత ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్ళింది. అంతే.

మీకు మనసైతే నాతో కలిసి ప్రార్థించండి. నా కోసం వద్దు. ఆ తల్లి ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నా, ఆమె భయపడకుండా గడప తొక్కగలిగే స్టేషను ఒకటి ఆ ఊళ్ళో ఉండాలని అడుగుదాం. ఆమె అడిగింది అంతే కదా. ఒక్కటి మాత్రం, ఈసారి కళ్ళు మూసుకోకుండా ప్రార్థిద్దాం.