ముందు వంటమనిషినే పట్టుకుంటారు

మొన్న ఒంగోలులో పాత పుస్తకాల బండి మీద అట్ట ఊడిన డిటెక్టివ్ నవల ఒకటి తీసి వాసన చూశాను. పాత కాగితం వాసనే అయినా నాకు మాత్రం ముక్కు మండి తుమ్మొచ్చింది, ఎందుకంటే అలాంటి నవలలు నేను మొదట చదివింది దర్శి దగ్గర మా మిరప కల్లంలోనే.

వేసవి సెలవుల్లో, కల్లం నిండా కాయలు ఎర్రగా ఎండుతుంటే, ఆడవాళ్ళు మజ్జిగన్నంలో ఉల్లిపాయ నంజుకు తిని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, రేకుల నీడన తాలు కాయలు ఏరుతుంటే, నేను బస్టాండు కొట్లో అద్దెకు తెచ్చిన నవల గొంతెత్తి చదివేదాన్ని. నులకమంచం మీద నాయనమ్మ, కాయల రాశి దగ్గర కూలికొచ్చే ఖాసింబీ, ఇద్దరూ చెవులప్పగించి వినేవాళ్ళు. బంగళాలో హత్య జరగడం, ఇనస్పెక్టరు వచ్చి ముందు వంటమనిషిని పట్టుకోవడం మామూలే. ఖాసింబీకి ఒళ్ళు మండేది.

"జమీందారు గదిలో వెతకమను పాపా! అటు నడవడానికి వాడికి కాళ్ళు రావా?"

నాయనమ్మ పడీపడీ నవ్వేది.

ఒక సాయంత్రం పెదనాన్న వేలి ఉంగరం కనబడలేదు. పని ముగించి వెళ్ళబోతున్న ఆడవాళ్ళని ఆయన గేటు దగ్గర నిలబెట్టి, "కొంగులు దులిపి పోండి" అన్నాడు. అందరికంటే ముందు ఖాసింబీని రమ్మన్నాడు. అంత నోరున్న మనిషీ కొంగు గుప్పెట్లో బిగించి నేలచూపులు చూసింది. దొంగన్న పేరు పడితే చుట్టుపక్కల ఏ కల్లంలోనూ ఆమెను పనికి పిలవరని నాక్కూడా తెలుసు.

నాయనమ్మ మంచం దిగి వచ్చింది. "ఆగరా. ఇంట్లోవాళ్ళని వదిలేసి వంటమనిషిని పట్టుకునే ఇనస్పెక్టరువి, నువ్వొకడివి తయారయ్యావు" అంటూ తన కొంగుముడి విప్పి, అందులోని వక్కపలుకులు నేల మీద దులిపేసింది. "నాదైంది. ఇక నీ జేబులు దులుపు. ఆ తర్వాతే వాళ్ళవి."

పెదనాన్న జేబుల జోలికి పోలేదు. మొహం మాడ్చుకుని గేటు తీశాడు. ఉంగరం ఎప్పటికీ దొరకలేదు. మర్నాడు ఖాసింబీ పనిలోకి వచ్చి, "నిన్న కథ ఎక్కడ ఆపావు పాపా?" అంది. నాకు ఏడుపొచ్చేంత సంతోషం.

తర్వాత అలాంటి నవలలు ఎన్ని చదివానో. హంతకుడెవరన్నది సరే, మొదట ఎవరిని అనుమానించారో, ఎవరి తలుపు తట్టడానికి జంకారో చూడమని నేర్పింది ఆ ఇద్దరే. ఆ రుణం తీరేది కాదు.

ఇప్పుడు మా కాయలు కోల్డ్ స్టోరేజీకి వెళ్తున్నాయి. అద్దె పుస్తకాల కొట్లో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పోయినవారం కోల్డ్ స్టోరేజీకి వెళితే, పని దిగిన ఆడవాళ్ళు గేటు దగ్గర వరసగా నిలబడి అన్నం క్యారేజీల మూతలు తీసి కాపలావాడికి చూపిస్తున్నారు. యజమాని కారు వాళ్ళ పక్కనుంచే ఆగకుండా వెళ్ళిపోయింది. నాయనమ్మ ఉండుంటే ముందు ఆ కారు డిక్కీ తెరిపించేది.