మా లంకకు వచ్చింది ఒక్క వరద కాదు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా స్కూల్లో అందరికీ తెలుసు. దాచుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు కూడా. కొత్తపేట దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెబుతాను. రొయ్యలకు తెల్లమచ్చ రోగం తగిలి మా ఆయన చెరువు పోయాక, నా జీతంతోనే ఇల్లు నడుస్తోంది.

మొన్న వానాకాలంలో మా కరస్పాండెంట్ గారు క్లాసులో పెద్ద టీవీ పెట్టించారు. దాంతోపాటు హైస్కూలు పిల్లల కోసమని ఎవరో ఉచితంగా ఇచ్చిన వీడియోలు కూడా తెచ్చారు. బొమ్మలు ఎంత బాగున్నాయో! ఎక్కడివో ఎర్ర కొండలు, వాటిలో వరసగా రాతి పొరలు. ఓ కంచు గొంతు తెలుగులో చెబుతూ ఉంటుంది: ఈ పొరలన్నీ ఒక్క మహా ప్రళయంలోనే పేరుకున్నాయట. భూమి పుట్టి కొన్ని వేల ఏళ్ళేనట. పుస్తకాల్లో కోట్ల ఏళ్ళని రాసిందంతా అబద్ధమట.

"మన పురాణాల్లోనూ ప్రళయం ఉంది కదండీ! తొమ్మిది, పది క్లాసులకి శనివారం శనివారం వేసెయ్యండి" అన్నారు కరస్పాండెంట్ గారు. ఆయన ఆ వీడియో పూర్తిగా చూసి ఉండరని నా నమ్మకం.

నేనూ దేవుణ్ణి నమ్మేదాన్నే. సోమవారం వస్తే పలివెల శివాలయానికి వెళ్ళి స్వామికి దణ్ణం పెట్టుకోకుండా ముద్ద ముట్టను. దేవుడు చేసిన భూమి గురించి పిల్లలకు అబద్ధం చెబితే దేవుడికి ఏం ఒరుగుతుంది? ఒళ్ళు మండిపోయింది.

అయినా మొదటి శనివారం వేశాను. సగం నడిచేసరికి గోదారి లంక నుంచి వచ్చే ఓ పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, మొన్న గోదారి మా ఇంట్లోకొచ్చి కూర్చుందండి. వరద తీసేక చూస్తే బెత్తెడు ఒండ్రండి, అంతే. ఒక్క వరదకి కొండంత ఎలా వచ్చేస్తుందండి?"

క్లాసంతా గొల్లుమంది. నేను టీవీ కట్టేసి ఆ పిల్లకు శభాష్ అన్నాను. ఆ మాట సాయంత్రానికల్లా ఆఫీసు గదికి చేరిపోయింది.

"పై శనివారం వీడియో మొత్తం వెయ్యాలండి. నేనే వచ్చి కూర్చుంటాను. వెయ్యకపోతే, సోమవారం నుంచి మీరు శ్రమ పడి రానక్కర్లేదండి" అన్నారు కరస్పాండెంట్ గారు. మా వైపు ఉద్యోగం పీకినా అండీ అనే పీకుతారు.

లెక్కల మాస్టారు జాలిపడ్డారు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ? వేసేసి ఊరుకోండి."

"దురద కందకే పుట్టిందండీ మాస్టారూ! క్లాసులో లేచి నిలబడి మరీ అడిగింది" అన్నాను.

నోటికొచ్చినట్టు అనేశాను గానీ, లోపల భయంగానే ఉంది. జీతం ఆగితే పొయ్యి మీదకి ఏం ఎక్కుతుంది? ఆ వారమంతా ఒక పాత గొయ్యి నా కళ్ళ ముందు మెదులుతూనే ఉంది.

నా పుట్టిల్లు గోదావరి మధ్య లంకలో. అక్కడ వరద వచ్చి వెళ్ళిందంటే సరిహద్దు రాళ్ళు ఒండ్రులో పూడిపోతాయి. పాత రాయిని పైకి తియ్యరు. ఉజ్జాయింపుగా దాని పైన ఇంకో రాయి పాతుతారు. నా చిన్నప్పుడు మా కొబ్బరి తోటకూ, పక్కనున్న ఈ కరస్పాండెంట్ గారి తోటకూ మధ్య తగాదా వచ్చింది. పైరాయి ప్రకారం ఒక వరస చెట్లు మావి. అప్పటికింకా పడుచువాడైన ఆయన పెద్దమనుషుల ఎదుట గొయ్యి తవ్వించి, అందులోకి దిగి, మట్టిగోడ మీద వేలు పెట్టి చూపించారు.

"ఇది మొన్నటి వరద మట్టండి. దీని కింద గడ్డివేళ్ళు చూడండి. నేల ఆరి, గడ్డి మొలిచి, మళ్ళీ పూడిపోయింది. దాని కింద మా నాన్నగారి నాటి వరద. మళ్ళీ వేళ్ళు. వీటన్నిటి కిందా ఉన్నదే మా తాతగారు పాతిన రాయండి."

ఆ రాయి మా వైపుకి జరిగి ఉంది. పాతదే అసలు హద్దు గనక ఆ వరస చెట్లు ఆయనవే. మా నాన్నగారు గోతిలోకి దిగి, ఆ వేళ్ళను చేత్తో తడిమి చూసి, "ఆయ్, నిజమేనండి" అని పైకొచ్చేశారు. కాపు మీదున్న చెట్లు పోయాయని ఇంటి దగ్గర అమ్మ ఒకటే ఏడుపు. "కళ్ళెదురుగా కనపడ్డదాన్ని కాదని ఎలా అంటానే?" అన్నారు నాన్న.

శనివారం వచ్చింది. కరస్పాండెంట్ గారు అన్నట్టే వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. నేను టీవీ జోలికి వెళ్ళలేదు. బోర్డు మీద ఆ గొయ్యి గీశాను. ఒండ్రు పొర, గడ్డివేళ్ళు, ఒండ్రు పొర, మళ్ళీ వేళ్ళు. అట్టడుగున ఒక రాయి.

"ఇది నేను కళ్ళారా చూసిన గొయ్యి. మన సార్ కూడా ఉన్నారక్కడ" అని ఆయన వైపు తిరిగాను. "సార్, ఈ పొరలన్నీ ఒక్క వరదకే పడ్డాయని మీరు చెప్పండి, ఇప్పుడే వీడియో వేసేస్తాను. కానీ ఒక్క వరదే అయితే కింద రాయీ పైరాయీ ఒకనాటివే అవుతాయండి. అప్పుడు మీ తాతగారి రాయే పాతదనడానికి లేదు, ఆ చెట్ల వరస మా నాన్నగారిది. ఏ మాటో మీరే చెప్పండి."

పిల్లలందరూ వెనక్కి తిరిగారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బోర్డు మీది అట్టడుగు రాయి వంక చూశారు.

"ఆయ్" అన్నారు చివరికి. "ఒక్క వరదవి కావండి. వేరువేరు వరదలవి."

లంక పిల్ల ఊరుకుంటుందా! "కొండల్లో పొరలు కూడా అంతేనాండి సార్?"

"అది మీ టీచర్ గారిని అడగండమ్మా" అని ఆయన లేచి వెళ్ళిపోయారు.

అడిగారు. గంట కొట్టినా చెబుతూనే ఉన్నాను. సోమవారం ఎప్పటిలాగే బడికి వెళ్ళాను, ఎవరూ వద్దనలేదు. ఆ కొబ్బరి చెట్లు ఇప్పటికీ ఆయనవే. ఉండనివ్వండి. క్లాసు మాత్రం నాది.