పిన్ని సెలవులు

మా పిన్ని కువైట్‌లో ఒకరింట్లో వంట చేసేది. ఏళ్ల తర్వాత పెద్ద సెలవు దొరికితే, గోదావరి మధ్యనున్న మా లంకకు వచ్చింది. మొదట్లో గుమ్మంలో ఎవరి అడుగు వినపడినా ఉలిక్కిపడి లేచి నిలబడేది. "ఇక్కడ నీకు పని చెప్పేవాళ్లెవరూ లేరే, కూర్చో" అని అమ్మ భుజం పట్టి కూర్చోబెట్టేది.

నెల గడిచేసరికి కొబ్బరిచెట్ల కింద మంచం వాల్చుకుని, వచ్చేపోయే పడవలు చూస్తూ పొద్దుపుచ్చడం అలవాటైంది. ఒక మధ్యాహ్నం పాస్టరుగారు వచ్చారు. పిన్ని లేవబోయి ఆగిపోయింది.

"ఏమనుకోకండి పాస్టరుగారూ. ఈ సెలవుల్లో ఎవరొచ్చినా లేవకూడదనుకున్నానండీ."

"ఆయ్, పడుకోండమ్మా. మేం కూర్చుని ప్రార్థన చేస్తాం" అని ఆయన నవ్వారు.

ఆమె తిరుగు ప్రయాణం కోసం చేస్తున్న ప్రార్థన సగంలో ఉండగానే పిన్ని నిద్రపోయింది. చివర్లో పాస్టరుగారు ఆమెన్ అన్న మాట, పక్కనే ఉన్న మాకు కూడా సరిగా వినపడలేదు.