నొక్కేకొద్దీ పెరిగిన పట్టు

2023. సింగపూర్‌లోని జురాంగ్ ఈస్ట్‌లో రైలు దిగి నాలుగడుగులు వేస్తే వచ్చే ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా నాకది పదకొండో ఏడు. అన్నీ తెలుసుననుకునే రోగం అప్పటికి నాకు బాగా ముదిరింది. మనిషి గుమ్మం దాటి వచ్చే తీరు చూసి, ఇది నడుము, ఇది మోకాలు, ఇది పని ఎగ్గొట్టే బాపతు అని తేల్చేసేదాన్ని. చాలాసార్లు నిజమయ్యేది కూడా. అదే నన్ను చెడగొట్టింది.

కోటేశ్వరరావు గారిది కందుకూరు దగ్గర పల్లె. యాభై ఏడేళ్లు. ఓడలు బాగుచేసే యార్డులో సేఫ్టీ సూపర్‌వైజరు. రోజంతా ఇనప మెట్లు ఎక్కి దిగే పని. కాళ్లలో బలం లేదంటున్నారని, ఎక్స్‌రేలో మోకాళ్ల అరుగుదల కనిపించిందని, వ్యాయామం చేయించమని డాక్టరు రాసి పంపారు. బుకిట్ బటోక్‌లోని వాళ్ల ఇంటి నుంచి భార్య సుశీల ఆంటీని వెంటబెట్టుకుని వచ్చారు.

"కుర్చీలోంచి లేవలేకపోతన్నానమ్మా. ఎట్టో లేచి పదడుగులేస్తే మళ్ళా బాగానే ఉంటది. ఏందో అర్థం కావట్లా" అన్నారాయన.

"డ్యూటీకి బయల్దేరేటప్పుడే వస్తది ఆ నీరసం. మార్కెట్‌కి పోదాం రమ్మన్నా వస్తది" అంది ఆంటీ. "ముద్ద గొంతు దిగదంట. ఇడ్లీని మజ్జిగలో నానబెట్టుకుని తినే మనిషిని నేనెక్కడా చూళ్ళా."

నేను నవ్వేశాను. ఆ మజ్జిగ మాట దగ్గర ఆగి ఉండాల్సింది.

చేతిపట్టు కొలిచే డైనమోమీటర్ అనే పరికరం మా దగ్గర ఉంటుంది. గట్టిగా నొక్కితే బలం ఎన్ని కిలోలో చూపిస్తుంది. వరసగా నొక్కిస్తే నీరసంగా ఉన్నవాళ్లకి అంకె తగ్గుతూ పోతుంది, అలిసిపోతారు గనక. ఈయనకి మొదట పన్నెండు వచ్చింది. తర్వాత పదిహేను, పద్దెనిమిది, ఇరవై ఒకటి. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ నొక్కించాను. మళ్లీ పన్నెండు నుంచే మొదలు. నాకు తలాతోకా తెలియలేదు. తెలియలేదని ఊరుకుంటే పోయేది. మొదట కావాలనే వదులుగా పట్టుకుంటున్నాడు, తర్వాత ఆ సంగతి మరిచిపోయి గట్టిగా నొక్కుతున్నాడు అనుకున్నాను.

ఆ నెలాఖరుకి ఆయన కాంట్రాక్టు పొడిగించాలి. పనికి తగ్గ ఆరోగ్యం ఉందో లేదో రాసివ్వమని కంపెనీ అడిగింది. ఇంటి దగ్గర చేసుకోమని నాలుగు వ్యాయామాలు చెప్పి, "ప్రయత్నం నిలకడగా లేదు" అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. మా వృత్తిలో ఆ మాటకి అర్థం, నటిస్తున్నాడని.

మూడు వారాల తర్వాత ఆ కాగితాన్ని చొక్కా జేబులో మడిచి పెట్టుకుని ఆయనే వచ్చారు.

"కావాలనే ఇట్టా చేస్తన్నావా అని హెచ్చార్ వాళ్లు అడిగారమ్మా. నేనేం చెప్పాలి?"

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నారు. "ఒక్కోసారి నాకే డౌటొస్తంది. నాకు తెలీకుండా నాలో ఏదన్నా బద్ధకం దూరిందేమో" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. నా మీద కాదు, ఆయన మీదే. నేను రాసింది తప్పని ఒప్పుకోవడం ఇష్టం లేక, రుజువు చేసి చూపిద్దామని బల్ల మీద కూర్చోబెట్టాను. మొదటి రోజు తొందరలో రిఫ్లెక్స్ పరీక్ష వదిలేశాను. మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తడితే కాలు దానంతటదే ఎగరాలి. ఎగరలేదు. రెండో కాలూ అంతే. నేనే సరిగా కొట్టలేదేమోనని ఇంకోసారి కొట్టాను. ఉహూ.

"కాలు చాపి నా అరచేతిని పది సెకన్లు గట్టిగా నెట్టండి అంకుల్" అన్నాను. నెట్టారు. కాలు దించగానే మళ్లీ సుత్తితో తట్టాను. ఈసారి కాలు ఎగిరింది.

ఆయన వంగి తన కాలి వంక చూసుకున్నారు.

"ఇప్పుడెందుకు ఎగిరిందమ్మా?"

"తెలీదు అంకుల్" అన్నాను. పదకొండేళ్లలో నా ముందు కూర్చున్న మనిషితో ఆ మాట అనడం అదే మొదటిసారి. చేతిపట్టులో నటించొచ్చు. చచ్చుబడి ఉన్న రిఫ్లెక్స్‌ని పది సెకన్ల తర్వాత లేపి చూపించడం ఎవరి తరమూ కాదు. ఆ రోజే మొదటి ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నానని కంపెనీకి రాశాను. పంపిన డాక్టరుకి ఫోన్ చేసి న్యూరాలజిస్టుకి చూపించమని బతిమాలాను.

నరాల పరీక్ష, రక్తపరీక్ష అయ్యాక న్యూరాలజిస్టు విడమరిచి చెప్పారు. నరం, కండరం అంటుకుని ఉండవు, మధ్యలో కంటికి ఆనని సందు ఉంటుంది. ఆ చోటునే సినాప్స్ అంటారు. నరం చివర ఉన్న సన్నని ద్వారాల గుండా కాల్షియం లోపలికి వెళ్తేనే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఆ సందులోకి వస్తుంది. అవతల కండరం మీదున్న రిసెప్టర్లు దాన్ని అందుకుంటేనే కండరం బిగుస్తుంది. మయస్థీనియా అనే జబ్బులో సాధారణంగా ఆ రిసెప్టర్లు దెబ్బతింటాయి, వాడేకొద్దీ బలం తగ్గుతుంది. నాకు తెలిసిందల్లా అదే. అంకుల్‌ది తిరగేసిన జబ్బు, లెమ్స్ అంటారు. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే నరం వైపున్న కాల్షియం ద్వారాలను చాలావరకు మూసేస్తుంది. ఆగకుండా వాడితే కొంచెం కొంచెంగా కాల్షియం పోగుపడి రసాయనం బయటికి వస్తుంది. వాడకుండా వదిలేసిన చేతిపంపు కూడా అంతే, నాలుగుసార్లు కొడితే గానీ నీళ్లు రావు. నోట్లో తడి ఆరిపోయి మజ్జిగ లేనిదే ముద్ద దిగకపోవడమూ ఆ జబ్బు వల్లే.

అసలు భయం అది కాదు. ఊపిరితిత్తుల్లో వచ్చే ఒక రకం కేన్సర్ కణాల మీద కూడా అవే ద్వారాలుంటాయి. ఒళ్లు ఆ కేన్సర్ మీద మొదలుపెట్టిన పోరే కొందరిలో నరాల మీదికి మళ్లుతుంది. అంకుల్ ఇరవై ఏళ్లు సిగరెట్లు తాగి మానేసిన మనిషి. స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కనిపించింది.

కీమో, రేడియేషన్ అయ్యాక, ఆ కాల్షియం ద్వారాలను ఇంకాస్త సేపు తెరిచి ఉంచే మాత్ర వాడుతూ, ఆయన మళ్లీ నా దగ్గరికే వ్యాయామానికి వచ్చారు. జుట్టు లేదు, బాగా చిక్కారు. కంపెనీ కాంట్రాక్టు పొడిగించి, కూర్చుని చేసే పని ఇచ్చింది. డైనమోమీటర్‌లో మొదటి నొక్కుకే ఇరవై వచ్చింది. ఆంటీ పక్కనే ఉంది.

"ఆ మాట నేను రాయకుండా ఉండాల్సింది అంకుల్. క్షమించండి" అన్నాను.

"మా ఆవిడ అప్పటికే ఆర్నెల్లుగా అదే మాట తెలుగులో అంటా ఉందమ్మా. నువ్వు ఇంగ్లీషులో రాసినావు, అంతే" అన్నారాయన, నవ్వుతూనే.

ఆంటీ నవ్వలేదు. సంచిలోంచి మజ్జిగ సీసా తీసి, మూత విప్పి ఆయన చేతికిచ్చింది.

ఇప్పుడు నా ఫైళ్లలో అంకెలు మాత్రమే రాస్తాను. మొదటిసారి ఇంత, నాలుగోసారి ఇంత. లెక్క పొసగని చోట "ఎందుకో నాకు తెలియలేదు" అని కూడా రాస్తాను. మా క్లినిక్‌లో కొత్తగా చేరినవాళ్లు అది చూసి ముఖముఖాలు చూసుకుంటారు. చూసుకోనీ. ఆ ఒక్క వాక్యం మొదటి రోజే డాక్టరుకి రాసి ఉంటే, ఆయన మూడు వారాల ముందే ఆ స్కాన్‌కి వెళ్లి ఉండేవారు.