గూడ్సు షెడ్డు మావయ్య, మా శాటిలైటు

మావయ్య పోయారన్న కబురు వచ్చేసరికి నేను హైదరాబాదు శివార్లలోని మా కంపెనీలో ఒక మీటింగులో ఉన్నాను. ఫోను సైలెంటులో పెట్టి బల్ల మీద బోర్లించేశాను. బయటికొచ్చి చూస్తే అత్త నుంచి మూడు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే అత్త గొంతు మామూలుగానే ఉంది.

“మీ మావయ్య ఇక లేడే. పొద్దున్న టీ పెట్టమన్నాడు. పట్టుకొచ్చీసరికి కుర్చీలో అలగే తల వాల్చీసి ఉన్నాడు. నువ్వు కంగారుపడి పరిగెత్తుకు రాకు. డ్యూటీ చూసుకునే రా.”

ఆ సాయంత్రమే బండెక్కాను. బిలాస్‌పూర్ చేరేసరికి అంతా అయిపోయింది. కుదుదండ్‌లోని వాళ్ల చిన్న ఇంటి ముందు చెప్పులు మాత్రం చాలా ఉన్నాయి.

ఆయన నాకు చుట్టం కాదు. రైల్వే కాలనీలో మాది, వాళ్లది పక్కపక్క క్వార్టర్లు. మా నాన్న లోకో షెడ్డులో, ఆయన గూడ్సు షెడ్డులో. రెండు కుటుంబాలూ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి పట్టాలు పట్టుకుని వచ్చినవే. నాకు మాటలు వచ్చినప్పటి నుంచి ఆయన మావయ్య, ఆవిడ అత్త. నేను ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది కూడా ఆయన చలవే. మా బడిలో తెలుగు లేదు. ఇంట్లో మాట్లాడటమే తప్ప కాలనీ పిల్లలెవరికీ చదవడం రాదు. వ్యాగన్ల మీద నంబర్లు రాసే సుద్దతో వరండా గచ్చు మీద ఆయనే నాకు అక్షరాలు దిద్దించారు. ‘క’ రాస్తే తలకట్టు మరిచిపోయేదాన్ని. “ఏటే గుంటా, దీని తల ఏదే?” అని నవ్వేవారు.

ఉద్యోగంలో ఆఖరి పదిహేనేళ్లూ ఆయన పని షెడ్డులో కూర్చోవడం కాదు. వ్యాపారుల దగ్గరికి వెళ్లి సరుకు లారీల్లో కాకుండా రైల్లో పంపమని ఒప్పించడం. ఊళ్లోని టోకు బజారు వ్యాపార్ విహార్‌లో ఆయన తొక్కని గుమ్మం లేదు. సెలవుల్లో ఒకటి రెండుసార్లు నన్నూ స్కూటరు మీద తీసుకెళ్లారు. దుకాణంలో వేరే బేరం నడుస్తుంటే అది ముగిసేదాకా బయటే నిలబడేవారు. లోపలికి పిలిచాక కొత్త సరుకు మాట ఎత్తేవారు కాదు. “పోయిన నెల పంపినది బాగా చేరిందా?” అని అడిగి, సాసర్లో టీ పోసుకుని, ఇక వింటూ కూర్చునేవారు. అవతలివాళ్లు చెప్పుకుపోయేవారు. చిన్నప్పుడు నాకు అది పనిలాగే కనిపించలేదు.

అచ్చంగా అలాంటి పనే నా నెత్తిన పడుతుందని అప్పుడు తెలియదు. మా కంపెనీ చిన్న శాటిలైట్లు తయారు చేస్తుంది, ఇంట్లో ఫ్రిజ్జంత ఉంటాయి. పైనుంచి నేలను ఫొటోలు తీస్తాయి. ఆ శాటిలైట్లను ఎవరికి అమ్మాలి, ఎలా అమ్మాలి అన్నది ఆలోచించడం నా ఉద్యోగం. దానికి మార్కెటింగ్ స్ట్రాటజీ అని పెద్ద పేరు. చేరిన మొదటి రెండేళ్లు మా స్ట్రాటజీ అంతా ఒక్కటే: కనిపించిన ప్రతి ఎగ్జిబిషన్‌లో స్టాలు వెయ్యడం, మెరిసే బ్రోచరు చేతిలో పెట్టడం. వచ్చినవాళ్లు నమూనా పక్కన నిలబడి ఫొటోలు దిగేవారు, మేమిచ్చిన పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవారు. ఆర్డరు మాత్రం ఒక్కటీ రాలేదు. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే సగంమందిని ఇంటికి పంపాల్సి వస్తుందని మా డైరెక్టర్ తేల్చి చెప్పారు. ఆ సగంలో, చేతులకు తొడుగులు వేసుకుని ఒక్కో మరా బిగించే పిల్లలున్నారు. అమ్మలేకపోయినది నేను, వెళ్లేది వాళ్లు.

ఆ దిగులుతోనే ఒక వేసవిలో బిలాస్‌పూర్ వచ్చాను. మావయ్య అప్పటికే రిటైరై కుదుదండ్‌లో ఉంటున్నారు.

“ఏటమ్ముతున్నావే గుంటా?” అన్నారు.

నేను బ్రోచరు తీశాను. “శాటిలైట్లో రెండు భాగాలుంటాయి మావయ్యా. కెమెరా ఒకటి, దాన్ని మోసే పెట్టె ఒకటి. ఆ పెట్టెను మేం బస్ అంటాం, ప్లాట్‌ఫాం అని కూడా అంటాం...”

“బస్సేటి, ప్లాట్‌ఫామేటి! మరి రైలెక్కడే?”

అత్త వంటింట్లోంచి నవ్వడం వినిపించింది. నాకూ నవ్వొచ్చింది. చాలా నెలల తర్వాత నా పని గురించి నేను నవ్వుకోవడం అదే. కానీ ఆయన నవ్వు ఆపి, “ఆ కాగితం పక్కనెట్టు. మన మాటల్లో చెప్పు” అన్నారు. చెప్పబోయాను. రెండు వాక్యాలకే ఆగిపోయాను. ఎంత బరువు, ఎంత ఎత్తు అన్నవి చెప్పగలిగాను. అది ఎవరికి ఎందుకు కావాలో చెప్పలేకపోయాను.

మర్నాడు పొద్దున నన్ను వ్యాపార్ విహార్‌లో బియ్యం వ్యాపారం చేసే ఒక ముసలి సేఠ్ దగ్గరికి తీసుకెళ్లారు. “సేఠ్‌జీ, మా పిల్ల మీకో శాటిలైట్ అమ్ముతుంది, వినండి” అన్నారు హిందీలో. అభ్యాసం అనుకోమని నాతో ముందే చెప్పారు. నేను పావుగంట మాట్లాడాను. సేఠ్ మర్యాదగా విన్నాడు. అంతా అయ్యాక కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు:

“బేటీ, చీజ్ తో అచ్ఛీ హై. లేకిన్ ఖరాబ్ హో జాయే, తో ఊపర్ కౌన్ జాయేగా?”

వస్తువు బాగానే ఉంది, పాడైతే పైకి ఎవరెళ్తారు అని. మా వస్తువు అంత సులభంగా పాడవదని ఏదో చెప్పబోయాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. తన లారీ దారిలో ఆగిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో తనకు తెలుసనీ, నేను అంతసేపు మాట్లాడినా ఒక్క మనిషి పేరు చెప్పలేదనీ అన్నాడు. మావయ్య సాసర్లో టీ ఊదుకుంటూ కూర్చున్నారు.

తిరిగొచ్చేటప్పుడు దారిలో రైల్వే గేటు పడింది. బొగ్గు బండి పోతోంది, అది ఎంతకీ తెగదు. స్కూటరు ఇంజను ఆపి మావయ్య ఒక సంగతి చెప్పారు. అంతకు ముందెప్పుడూ చెప్పలేదు.

“ఈ వ్యాపారుల చుట్టూ తిరిగే పనిలో కొత్తగా పడినప్పుడు ఇదే సేఠ్‌కి గురువారానికల్లా వ్యాగన్లు ఇచ్చీస్తానని మాటిచ్చీసాను. బేరం దొరికిందన్న సంబరం. యార్డులో వ్యాగన్లున్నాయో లేవో అడగనేదు. ఆయన నా మాట నమ్మి బస్తాలన్నీ దింపించీసాడు. వ్యాగన్లు నేవు. షెడ్డులో జాగా నేదు. శుక్రవారం వాన.”

“తిట్టారా?”

“తిడితే బాగుణ్ను. తడిసిన బియ్యం చూపించి, నాకు టీ ఇప్పించాడు. ఆ టీ ఎలగ తాగేనో నాకే తెలుసు. అప్పటినుంచి ఎవరికి మాటివ్వాలన్నా ముందు నన్ను నేను అడుక్కుంటాను, యార్డుని అడిగేవా అని.”

గేటు లేచింది. ఆయన స్కూటరు స్టార్ట్ చేయలేదు. వెనక బళ్లవాళ్లు హారన్లు కొడుతున్నా నా వైపు తిరిగి అడిగారు: “నీ కాగితంలో ప్రతిరోజూ ప్రతి పొలం చూపిస్తామని రాసీసేరు. వానాకాలం నెలకి ఎన్ని రోజులు మబ్బు తీస్తాదే ఇక్కడ? మబ్బు కిందున్నది కనిపిస్తాదేటి?”

కనిపించదు. మబ్బుల్లోంచి చూడగలిగే రకం వేరే ఉంది, అది మేం చెయ్యం. ఆ సంగతి బ్రోచరు చివరి పేజీలో చీమ తలంత అక్షరాల్లో ఉంది. అదే చెప్పాను.

“అచ్ఛా. అయితే దాన్ని మొదటి పేజీలోకి తే” అన్నారు.

హైదరాబాదు వెళ్లి స్ట్రాటజీ మొత్తం తిరగరాశాను. అందరికీ అమ్మడం మానేద్దామన్నాను. ఎండాకాలం జలాశయాల నీటిమట్టం చూసుకునేవాళ్లు, గనుల్లో తవ్వకాలు గమనించేవాళ్లు, రబీ పంటల లెక్క కావలసినవాళ్లు, అంటే తేటగా ఉండే ఆకాశంతోనే పని జరిగేవాళ్ల దగ్గరికే వెళ్దామన్నాను. శాటిలైట్ పైనున్నన్నాళ్లూ కింద ఫోన్ ఎత్తే ఇంజనీరు పేరు ఒప్పందంలోనే రాద్దామన్నాను. ఇక మొదటి పేజీలో, మా శాటిలైట్ చూడలేనివి ఏమిటో రాశాను.

“మన లోపాలు మనమే చాటింపు వేసుకోవాలా?” అన్నారు డైరెక్టర్. వారం రోజులు వాదించుకున్నాం. చివరికి, ఒక్కసారి మాత్రం చూద్దాం అన్నారు.

ఆ ఒక్కసారీ మేం ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న సంస్థే వచ్చింది. పంట నష్టాలు అంచనా కట్టేవాళ్లు. వాళ్ల తరఫున వచ్చిన అధికారిణి మొదటి పేజీ రెండుసార్లు చదివింది. “మాకు పని ఉండేదే వానాకాలంలో. ఇది మాకు పనికిరాదు” అని లేచింది. బేరం పది నిమిషాల్లో ముగిసింది. ఆవిడ కారు గేటు దాటేదాకా డైరెక్టర్ కిటికీ దగ్గరే నిలబడ్డారు. మర్నాడు ఆ పని నా చేతుల్లోంచి తీసేశారు.

మావయ్యకు ఫోన్ చేశాను. మీ మాట విని మునిగిపోయాను అని గట్టిగా అన్నాను కూడా. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆయన నన్ను పూర్తిగా మాట్లాడనిచ్చారు. తర్వాత, “ఆవిడికి అబద్ధం చెప్పీసి అమ్మీసుంటే, వచ్చే శ్రావణంలో ఎవరి మొహం చూసీదానివే?” అన్నారు. ఇంకా ఏదో చెప్పబోయి, “తిన్నావా?” అని అడిగారు.

నాలుగు నెలలు గడిచాయి. నేను స్టాళ్లలో కుర్చీలు సర్దించే పనిలో ఉన్నాను. ఒక రోజు జలాశయాలు చూసుకునే వేరే సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. ఆ అధికారిణే మా పేరు చెప్పిందట. “ఏది చేతకాదో ముందే చెప్పేవాళ్లు ఒకరున్నారు, వాళ్లని అడగండి” అందట. వాళ్లతో మాట్లాడేటప్పుడు నేను బ్రోచరు తియ్యలేదు. ఇప్పుడు మీకు కష్టం ఎక్కడొస్తోందని అడిగి, ఊరుకున్నాను. గంటన్నర వాళ్లే మాట్లాడారు. మూడు నెలల తర్వాత ఆర్డరు వచ్చింది. ఒక్కటే. దానితో కంపెనీ గొప్పదైపోలేదు గానీ, మరలు బిగించే పిల్లలెవరూ ఇంటికి వెళ్లలేదు. డైరెక్టర్ నా కుర్చీ నాకు తిరిగి ఇచ్చారు.

మావయ్యకు చెబితే ఆయన సంతోషం ఒక ప్రశ్నగా వచ్చింది. “దాన్ని ఒకసారి చూడొచ్చేటి?”

“ఎందుకు చూడకూడదు! తయారవుతోంది కదా, ఆ గది అద్దంలోంచి చూపిస్తాను. వచ్చే నెల రండి మావయ్యా, టిక్కెట్లు నేనే తీస్తాను.”

సంబరంలో మాటిచ్చేశాను. ఏ యార్డునూ అడగలేదు. వచ్చే నెల పరీక్షలు పడ్డాయి, బయటివాళ్లని రానివ్వరు. ఆ తర్వాతి నెల నేను ఊళ్లో లేను. దసరా అన్నాను, దీపావళి వెళ్లాక అన్నాను. ప్రతిసారీ ఆయన ఒకే మాట: “పరవాలేదే, ముందు పని కానియ్యి.” మా మొదటి పేజీలో ఏమి రాయాలో ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆయనకు ఇచ్చిన మాట దగ్గర మాత్రం ఆ పేజీ రాసుకోలేకపోయాను. ఆయన చూద్దామనుకున్న శాటిలైట్ ఇప్పటికీ అద్దం వెనకే ఉంది. దాని ముందు నుంచి రోజుకు నాలుగుసార్లు నడుస్తాను. ఒక్కోసారి ఆగి, ఆయన అయితే ఏం అడిగేవారా అనుకుంటాను. ముందు ఆ మర బిగించే అమ్మాయి పేరు అడిగేవారు. అంతవరకే ఊహకు అందుతుంది. తర్వాతి ప్రశ్న అందదు. అదే వినాలనిపిస్తుంది.

పదకొండో రోజున అత్త పక్కన కూర్చున్నాను. “మీ మావయ్య కొత్త చొక్కా కుట్టించుకున్నాడే, హైదరాబాదు వెళ్లాలని. నేను ఫోన్ చేసి నిన్ను అడుగుతానంటే ఒప్పుకోనేదు. దానికి డ్యూటీ ఉంటాది, తొందర పెట్టకు అన్నాడు.” అత్త నన్ను నిందించడానికి అనలేదు. అందుకే వినలేకపోయాను.

అప్పుడే సేఠ్ వచ్చాడు, మనవడి భుజం పట్టుకుని. నన్ను గుర్తుపట్టి, మీ శాటిలైట్ పైకి వెళ్లిందా అని అడిగాడు. ఇంకా లేదన్నాను. మావయ్య వారానికోసారి దుకాణానికి వచ్చి దాని గురించే చెప్పేవారట. కింద ఫోన్ ఎత్తే మనిషి పేరు కూడా రాసి ఇస్తున్నారని గొప్పగా చెప్పారట. “ఆప్ సే అచ్ఛా సమ్‌ఝాతే థే” అన్నాడు. నాకంటే బాగా వివరించేవారని. నిజమే అయ్యుంటుంది.

ఆయన్ని నేను ఆఖరిసారి చూసింది బిలాస్‌పూర్ స్టేషన్లో. రెండు రోజులుండి వెళ్తుంటే దిగబెట్టడానికి వచ్చారు. మధ్యాహ్నం ఎండ. బండి కదిలాక నేను తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపాను. ఆయన అటు తిరిగిపోయారు. ప్లాట్‌ఫాం అవతలి వైపు ఒక పార్శిల్ బండి ఆగి ఉంది. ఒక పెట్టె దగ్గర వంగి, దాని తలుపు గొళ్లెం సరిగ్గా పడిందో లేదో చేత్తో లాగి చూస్తున్నారు. రిటైరై ఏళ్లు దాటాయి. అందులో ఎవరి సరుకుందో, ఎక్కడికి పోతోందో ఆయనకు తెలియదు. నా చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. పట్టాలు వంపు తిరిగేముందు కనిపించినంత వరకు చూశాను. ఆయన నింపాదిగా తర్వాతి తలుపు దగ్గరికి నడుస్తున్నారు.