మైనపు గదవ

2004 జూన్‌లో మేడ్చల్ దారిలోని ఒక బోధనాసుపత్రిలో దవడల శస్త్రచికిత్స విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్‌గా చేరాను. హైవే మీద బండ్లు గుద్దుకుని దవడలు విరగ్గొట్టుకున్నవాళ్లే మాకు మహారాజ పోషకులు. ఆ ఓపీకి ఒకరోజు విక్రమ్ వచ్చాడు. శామీర్‌పేట భూస్వాముల ఇంట ఆడపిల్లగా పుట్టి, మగవాడిగా బతుకుతున్నాడు. అల్వాల్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడిపేవాడు.

"దుకాణంల గిరాకీలు అక్కా అని పిలుస్తున్నరు మేడం. మస్తు పరేషానైతాంది. మొగోని మొఖం చెయ్యుండ్రి, జల్దీ," అన్నాడు.

జల్దీ అంటే నాకు ఒళ్లుమంట. ముందు మానసిక వైద్యుడి దగ్గరికి, ఆపైన హార్మోన్ల వైద్యుడి దగ్గరికి పంపాను. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లతో గొంతు గంభీరమవుతుంది, మీసాలు మొలుస్తాయి, బుగ్గల నునుపు తగ్గుతుంది. చాలామందికి అంతే చాలు, కత్తితో పనే లేదు. ఎముక మాత్రం పెద్దయ్యాక మారదు.

ఏడాది దాటాక మళ్లీ వచ్చాడు. అబ్బ, ఆ ముఖంలో ఎంత వెలుగు! గదవ, అదే చుబుకం, ఒక్కటే చిన్నగా ఉండిపోయింది. దవడ మూలల్లో ఇంప్లాంట్లు పెట్టొచ్చు, నుదురూ ముక్కూ దిద్దొచ్చు అని చెప్పాను. గదవ చాలన్నాడు. కింది పెదవి లోపలినుంచి కోసి, గదవ ఎముకను ముందుకు జరిపి, టైటానియం ప్లేటుతో బిగిస్తాం. బయటికి మచ్చ కనబడదు. పెదవి కొన్నాళ్లు మొద్దుబారుతుంది, అరుదుగా అలాగే ఉండిపోతుంది.

చిక్కల్లా ఒకటే. ఇంటివాళ్లెవరైనా తోడు నిలబడితేనే మా ఆసుపత్రిలో మత్తు ఇచ్చేవారు. తల్లి లేదు, తండ్రి జంగారెడ్డి మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. "నాయిన రాడు మేడం," అంటూ విక్రమ్ అక్కడే ఏడ్చేశాడు. నేనే ఫోన్ చేసి, ఒప్పుకోకపోయినా సరే, ఒకసారి వచ్చి చూడండన్నాను.

వచ్చాడాయన, ముఖం గంటు పెట్టుకుని. కొడుకు వైపు కన్నెత్తి చూడలేదు. రోగి ముఖానికి ప్లాస్టర్ అచ్చు తీసి, దానిమీద మైనంతో కొత్త గదవ దిద్ది ముందే చూపించడం నా పద్ధతి. ఆ అచ్చు ఆయన ముందు పెట్టాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదెవరి గదవ డాక్టరమ్మా? మా ఇంటి మొగోళ్లది గిట్లుండదు," అని బొటనవేలితో మైనాన్ని నడిమధ్యన నొక్కాడు. సొట్ట పడింది. సరిగ్గా అలాంటిదే ఆయన గదవకూ ఉంది.

"మా బాపుకుండె, నాకున్నది. వీనికి గూడ పెట్టుండ్రి."

గోడకు ఆనుకుని నిలబడ్డ విక్రమ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. సొట్ట కోసం లోపల కండరానికి కుట్టు వేస్తాను గానీ గ్యారంటీ ఇవ్వలేనని తండ్రికి చెప్పాను. ఆయన సరేనన్నాడు. డిశ్చార్జి అయ్యేదాకా కొడుకు మంచం పక్కనే ఉన్నాడు.

ఎముక బాగా అతుక్కుంది. సొట్ట మాత్రం అంత లోతుగా రాలేదు, పక్కనుంచి వెలుతురు పడితేనే తెలుస్తుంది.

మగ ముఖం కొలతలు పుస్తకాల్లో ఉంటాయి. అది ఎవరింటి ముఖమో ఇంటివాళ్లను అడగాలి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఇంటివాళ్లు వచ్చి చూడకముందే మైనాన్ని గట్టిపడనివ్వలేదు నేను.